కోయొద్దన్న కొమ్మలు

ఆమెను ఊళ్ళో అందరూ కొమ్మలక్క అంటారు. అసలు పేరు ఒకటుంది గాని, దాన్ని పిలవాలంటే ఆమె మొగుడు కూడా ఒక్క క్షణం ఆలోచించుకోవాలి. రోజూ పొద్దు వాలే వేళకు పచ్చికొమ్మల మోపు తల మీద పెట్టుకుని, మొహం కనపడకుండా, కాళ్ళొచ్చిన పొదలాగా వీధి మలుపు తిరిగేది. అరుగుల మీద ఆడవాళ్ళు "పొద వస్తోందే, పొయ్యిలు వెలిగించుకోండి" అని నవ్వేవాళ్ళు. మోపు కింద ఆమె కూడా నవ్వేది. అది ఎవరికీ కనపడేది కాదు.

ఆమె కాపురానికొచ్చిన రోజుల్లో అత్తింటివారికి ఉన్నదల్లా వాలు మీద ఒక చిన్న చేను. దాంట్లో నీడ అంటే మనిషి నీడే. మధ్యాహ్నం సద్ది విప్పితే మొగుడి నీడలో ఆమె తల పెట్టుకునేది, ఆమె నీడలో నీళ్ళకుండ పెట్టేది. గట్టి వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి కింది చేలో చేరేది. ఆ కింది చేను ఆమె అక్క మొగుడిది. ఆయన గట్టు మీద నిలబడి, "మరదలా, ఈ ఏడు కూడా మీ మట్టి మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చింది. చీర పెట్టి పంపమంటావా?" అని అరిచేవాడు.

"ఉంచుకో బావా, నీకూ మా అక్కకీ మొహానికి రాసుకోడానికి పనికొస్తుంది" అని ఈమె ఇక్కణ్ణుంచి అరిచేది.

పరాచికాలు పరాచికాలే గాని, ఏటేటా చేను పలచనవుతోంది. పొయ్యిలోకి కట్టె కావాలంటే కొండకు పోవాలి. పొద్దున పోతే ఎండ నడినెత్తికెక్కాక రావడం. ఆ వచ్చిన కట్టెతో వండుకుని, తిని, మళ్ళీ కట్టెకు పోవడం. బతుకంటే వండటానికి నడవడం, నడవటానికి తినడం అని ఆమెకు అప్పుడే అర్థమైపోయింది.

ఊరి చివర మొక్కల కేంద్రం పెట్టాక కొంచెం తెరిపి దొరికింది. మొగుడికి అక్కడ నీళ్ళు పోసే పని ఇచ్చారు. పక్కా పని కాదు, రేపు రావద్దంటే మానేయాల్సిన పని. ఇచ్చింది అక్కడి సారు. ఎండైనా వానైనా, ఇంట్లో ఉన్నా బయట ఉన్నా టోపీ తీయడు కాబట్టి ఆయన్ని టోపీ సారు అనేవాళ్ళు. కేంద్రం వాళ్ళు ఊరందరికీ ఉచితంగా మొక్కలు పంచారు. మొహమాటానికి తీసుకున్నవాళ్ళు వాటిని గోడ పక్కన పెట్టి ఎండబెట్టారు. పంచగా మిగిలినవి, వంకరపోయినవి, సంచీ చిరిగినవి పారబోయమంటే, నోట్లో నాలుక లేని ఆ మొగుడు పారబోయడానికి చేతులు రాక ఇంటికి మోసుకొచ్చాడు. కొన్ని సుబాబుల్, కొన్ని అవిసె.

"పక్షవాతం వచ్చినవాటినన్నిటినీ ఏరుకొచ్చావేమయ్యా" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే చేని గట్టు పొడుగూతా నాటింది. కుండలతో నీళ్ళు మోసింది. బట్టలుతికిన నీళ్ళు, మొహం కడిగిన నీళ్ళు అన్నీ వాటికే. ఇంట్లో చూపు మందగించిన అత్తగారు మంచం మీద నుంచి, "నాకు దప్పికేస్తే నేను కూడా గట్టు మీద పాతుకోవాలేమో" అని సణిగేది.

మొక్కలు మనిషి ఎత్తు దాటాయి. అప్పుడు టోపీ సారు వచ్చి చూసి సంతోషించి, చేతిలోకి కొడవలి తీసుకుని, "గుండెల ఎత్తులో పైభాగం కోసేయండమ్మా. కోసేకొద్దీ గుబురుగా చిగురేస్తాయి. అందేంత ఎత్తులో ఉంటేనే మీకు లాభం. వదిలేస్తే మీకు అందకుండా ఆకాశానికి పోతాయి" అన్నాడు.

ఆమెకు చేతులు రాలేదు. సారే మొదటి కొమ్మ కోశాడు. ఆమె మొహం తిప్పుకుంది. నెల తిరక్కుండా కోసినచోట చిగుళ్ళు గుత్తులు గుత్తులుగా వచ్చేసరికి, పోయిన బిడ్డ తిరిగొచ్చినట్టు చూసుకుంది. ఆ మనిషి చెప్పింది ప్రతి ముక్కా నిజం. అది ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్ళు ఆయన్నొక మూర్ఖుడనుకుంటారు. ఆయన మూర్ఖుడు కాడు. అదే అసలు బాధ.

ఆ చెట్లు వచ్చాక ఇల్లు కుదుటపడింది. కొమ్మలు కోస్తే ఆకు మేకలకు, పుల్ల పొయ్యికి, నిటారుగా ఉన్న కర్ర చిక్కుడు తీగకు ఊతం. మేకలు తినగా మిగిలిన ఈనెలు, రెమ్మలు చేలో వేస్తే కుళ్ళి మట్టిలో కలిసేవి. వేళ్ళు గట్టును గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. వాన పడితే మట్టి దిగడం తగ్గింది. బావ గట్టు దగ్గరికొచ్చి, "ఏం మరదలా, మీ మట్టికి మా ఇంటి మీద కోపమొచ్చిందా, రావడం మానేసింది?" అన్నాడు. కొండకు పోవడం తప్పింది. ఆ మిగిలిన పొద్దంతా ఏం చేయాలో ఆమెకు కొన్నాళ్ళు తోచలేదు. గట్టు మీద, నీడలో, ఊరికే కూర్చునేది. పుట్టి బుద్ధెరిగాక ఊరికే కూర్చోవడం అదే మొదలు.

అన్నిటికంటే మించి మేకలు. చేను అత్తింటిది, ఇల్లు అత్తింటిది, కుండా చట్టీ కూడా అత్తగారివే. ఆ ఇంట్లో 'నాది' అని ఆమె అనగలిగినవి మేకలొక్కటే. చెట్లకు ఆకు దిగుతోందన్న ధైర్యంతో పుట్టింటి నుంచి ఒక మేకపిల్లను చంకనేసుకుని తెచ్చింది. చెవి కంచెకు పట్టుకుని చిరిగింది కాబట్టి అది చిల్లిచెవిది. దాని కూతురు నల్లది. నల్లదాని కూతురు ఇంకా పిల్లే, దానికి పేరు కుదరలేదు. చిల్లిచెవిదాని పాలు ముసలమ్మకు. ఆ పాలతో తప్ప ఆవిడ టీ తాగదు. "కోడలు పెట్టే తిండి కంటే మేక పెట్టే టీ నయం" అనేది, కోడలికి వినపడేలా.

మనుషులకు మంచి జరుగుతుంటే దాన్ని అలా వదిలేయరు, చూడటానికి వస్తారు. మొదట పక్క ఊరి రైతులొచ్చారు. తర్వాత శిక్షణకొచ్చిన కుర్రకారు వచ్చారు. తర్వాత చేని అంచున, రోడ్డు పక్కన ఒక బోర్డు నాటారు. పచ్చరంగు మీద తెల్ల అక్షరాలతో, చిన్న చేలో చెట్లు పెంచితే ఇల్లు ఎలా బాగుపడుతుందో దాని మీద రాశారు. కొమ్మలక్క చదువుకోలేదు. అందుకని రంగు బాగుందని మెచ్చుకుంది.

ఆ చలికాలం చివర టోపీ సారు ఇంటికే వచ్చాడు. మొగుడు కంగారుగా గోనెపట్ట పరిచాడు. సారు కూర్చోలేదు.

"అమ్మా, మనకు డబ్బిచ్చే పెద్దలు చూడటానికి వస్తున్నారు. చెట్లు నిండుగా కనపడాలి. వాళ్ళు వచ్చి ఫొటో తీసుకునేదాకా కోయొద్దు."

"ఎప్పుడొస్తారు సారూ?"

"ఈ నెలలోనే."

"మరి మేకలకు?"

"ఈ నెల రోజులే కదమ్మా. ఎలాగో సర్దుకోండి."

ఆమె సర్దుకుంది. గట్ల మీద గడ్డి కోసింది, ఎండిన మొక్కజొన్న ఆకు వేసింది. నెల గడిచింది. పెద్దాయనకు జలుబు చేసిందన్నారు. తర్వాత దారిలో వంతెన బాగాలేదన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు, వస్తారనే అన్నారు. ఎండాకాలం వచ్చి కూర్చుంది. గట్ల మీద గడ్డి మాడిపోయింది. కొండకు తోలుకుపోదామంటే, మొక్కలు పెంచుతున్నామని కేంద్రం వాళ్ళు కొండ చుట్టూ కంచె వేసేశారు. ఎండాకాలంలో ఆకు కోసం నాటిన చెట్లు ఎండాకాలంలోనే పచ్చగా, నిండుగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి కింద మూడు మేకలు మోరలెత్తి అరుస్తున్నాయి.

చెట్లు మాత్రం చెప్పిన మాట వినకుండా పెరుగుతూనే ఉన్నాయి. కాయలు కాసి, ఎండి, గాలికి గలగలమని చేనంతా గింజలు చల్లాయి. నీడ చిక్కుడు మడి మీదికి పాకింది. కోసిన కర్ర లేక తీగలు నేలబారున పడ్డాయి.

"నువ్వెళ్ళి అడగవయ్యా" అంది మొగుణ్ణి.

"అడిగితే ఏమంటాడో..."

"ఏమంటాడు, కొరుకుతాడా?"

"కొరకడు. రేపట్నుంచి రావద్దంటాడు."

అతను గోడకు ఆనుకుని చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాడు. పొద్దస్తమానం వేల మొక్కలకు నీళ్ళు పోసే మనిషి. వాటిలో ఒక్క ఆకు తుంచడానికి అధికారం లేదు. తన గట్టు మీద చెట్టుకీ అదే గతి పట్టింది.

అప్పుడు ఆమెకొక ఉపాయం తోచింది. ఫొటో తీసేది రోడ్డు వైపు నుంచి కదా. చేని వైపు కొమ్మలు కోస్తే ఎవరు చూస్తారు? దోటికి కొడవలి కట్టి, రోడ్డుకు కనపడని పక్క నుంచి కాసిన్ని కొమ్మలు దించింది. మర్నాడు ఇంకాసిన్ని. మేకల అరుపు తగ్గింది. చిల్లిచెవిదాని కడుపులో పిల్లలు కదలడం చేత్తో తడిమి చూసుకుంది. లోకాన్ని గెలిచినంత సంబరం.

చెట్లకు మాత్రం ఈ రాజకీయాలు తెలియవు. ఒక పక్క బరువంతా పోయేసరికి రోడ్డు వైపుకు ఒరగడం మొదలుపెట్టాయి. వరస మొత్తం, ఎవరో పిలిస్తే చెవి ఒగ్గి వింటున్నట్టు, రోడ్డు మీదికి వంగింది. సారు మోటారు సైకిల్ ఆపి దిగి, గట్టెక్కి ఇటు వైపు చూశాడు. చేని వైపు బోడిగా, క్షవరం మధ్యలో మంగలి లేచి వెళ్ళిపోయిన తలలాగా ఉంది.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. టోపీ తీశాడు. ఊళ్ళో ఎవరైనా ఆయన తల చూడటం అదే మొదలు.

"నేనే చెప్పాను కదమ్మా మీకు కోయమని. కోస్తేనే లాభమని. ఇప్పుడు కోయొద్దంటున్నదీ నేనే. నాకు మాత్రం సిగ్గుగా లేదా? పైవాళ్ళు నిండుగా ఉండాలంటున్నారు. వాళ్ళకు నచ్చకపోతే కేంద్రం మూసేస్తారు. నేను పోతాను, మీ ఆయన పోతాడు, ఆ నర్సరీలో ఉన్నవాళ్ళందరూ పోతారు. నేనేం చేయను చెప్పండి?"

ఆమె ఏం చెబుతుంది? తిట్టడానికి వచ్చినవాడైతే తిట్టేది. ఏడవడానికి వచ్చినవాణ్ణి ఏం చేయాలి? దోటి నుంచి కొడవలి విప్పేసి, చూరులో దోపింది.

ఆ తర్వాత సంగతి తొందరగానే తేలిపోయింది. పాలు ఎండాయి. ముసలమ్మ నల్లటి టీ నోట్లో పోసుకుని, "ఇదేంటే, కుంపటి కడిగిన నీళ్ళా?" అంది. కోడలు మాట్లాడకపోయేసరికి ఆవిడకే భయమేసి, "బాగానే ఉందిలే" అని గటగటా తాగేసింది. ఆ ముసలమ్మ నోట అంత మంచి మాట రావడంతో కొమ్మలక్కకు గుండె జారిపోయింది. ఇంక అయిపోయిందనుకుంది.

బావకు కింది చేలో బావి ఉంది, బావి పక్కన పచ్చగడ్డి ఉంది. ఈమె గట్టు మీద నిలబడితే ఆయన పలకరించాడు.

"ఏం మరదలా, మీ చెట్లు మా కంటే ఎత్తయిపోయాయి. ఇక మాట్లాడతాయో లేదో."

"బావా, మేకల్ని తోలుకుపో."

ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. "మేపమంటావా?"

"మేపమంటే ఎన్నాళ్ళు మేపుతావు? నీ గొడ్లకే చాలదు. కొనుక్కో. పరాయివాళ్ళకైతే కోతకు పోతాయి."

"మీ అక్కతో ఒక మాట..."

"అక్కతో చెప్పొచ్చాను."

ఆయన అన్యాయమేమీ చేయలేదు. ఇవ్వాల్సింది ఇచ్చాడు. అది ఆ వేసవిలోనే గింజల్లోనూ ముసలమ్మ మందుల్లోనూ కరిగిపోయింది. తోలుకుపోయేటప్పుడు చిల్లిచెవిది రాలేదు. నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. చివరికి కొమ్మలక్కే తాడు పట్టుకుని ముందు నడిచింది. ఆమె వెనక అది బుద్ధిగా నడిచింది. బావ ఇంటి గుంజకు ఆమే కట్టేసింది. ముడి ఎప్పుడూ వేసే ముడే వేసింది. చేతులు దులుపుకుని, వెనక్కి చూడకుండా వచ్చేసింది. వీధిలో ఎవరూ "పొద ఏదే" అని అడగలేదు. అడగకపోవడంలోనే అడిగినంతా ఉంది.

వాన ఇంకా పడలేదు. ఒకరోజు పొద్దున్నే పెద్దలొచ్చారు. మూడు కార్లు. చెట్ల కింద కుర్చీలు వేశారు. అంత నీడ ఆ చేలో ఎన్నడూ లేదు. అందరూ ఆహా అన్నారు. గాలికి ఎండుకాయలు గలగలమంటుంటే ఒకాయన, "ఎంత బాగుందో శబ్దం" అన్నాడు.

వాళ్ళలో నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకామె కుర్చీ వదిలేసి వచ్చి కొమ్మలక్క పక్కన గట్టు మీదే కూర్చుంది. మంచి మనిషి. చెయ్యి పట్టుకుంది.

"ఈ చెట్ల వల్ల మీ ఇంటికి ఏం మేలు జరిగిందమ్మా?"

సారు ఏం చెప్పాలో ముందే నేర్పి ఉండొచ్చు. నేర్పాల్సిన అవసరం లేకపోయింది. "మేకలకు ఆకు, తల్లీ. పొయ్యికి కట్టె. చిక్కుడుకు కర్ర. మట్టి నిలబడింది. కొండకు పోయే పని తప్పింది" అని ఆమె చెప్పుకుపోయింది. ఒక్కటీ అబద్ధం కాదు. చెబుతుంటే ఆమెకే కళ్ళముందు మెదిలి మొహం వెలిగింది. పక్కన ఒకతను అదంతా రాసుకున్నాడు.

"మేకలేవీ? వాటిని కూడా చూద్దాం" అంది పెద్దావిడ.

సారు మొహం పాలిపోయింది. కొమ్మలక్క నోరు తెరిచింది. సారు చూపు ఆమె మీద పడింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టుగా. అంతమంది నీళ్ళుపోసేవాళ్ళ తరఫున బతిమాలుతున్నట్టు. ఆమె నోరు మూసుకుంది.

"మేతకు పోయాయండీ. తెప్పిస్తాను" అన్నాడు సారు. మొగుడు కింది చేలోకి పరుగెత్తాడు.

బావ తోలుకొచ్చాడు. చిల్లిచెవిది ఈనింది, వెనక రెండు కూనలు. పొట్ట నిండుగా, ఒళ్ళు మెరుస్తూ ఉంది. గట్టెక్కగానే తాడు విదిలించుకుని తిన్నగా కొమ్మలక్క దగ్గరికొచ్చి, ఆమె కొంగులో మూతి దూర్చి వెతికింది. "ఎంత ప్రేమో చూడండి!" అని పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. బావ దూరంగా నిలబడి నేల చూపులు చూశాడు. ఆయన నోట పరాచికం ఆగడం ఆ ఊళ్ళో పెద్ద వింతే.

"కొమ్మ తినిపిస్తున్నట్టు ఒక ఫొటో" అన్నాడు కెమెరా అతను.

"కోయండమ్మా" అన్నాడు సారు. "ఒక కొమ్మ కోయండి."

ఆమె ఇంటికి పోయి చూరులోంచి కొడవలి తీసుకొచ్చి దోటికి కట్టింది. తుప్పు పట్టింది. చెట్లకు కింద ఉన్నవి బోడి కర్రలే, ఆకంతా పైకి పోయింది. ఎత్తింది. అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు. వదిలేస్తే అందకుండా పోతాయని ఆనాడు ఆయన చెప్పింది నిజమే మరి. చివరికి కారు డ్రైవరు బండి పైకెక్కి విరిచి ఇచ్చాడు. చిల్లిచెవిది ఆమె చేతిలోంచి ఆబగా తింది. కెమెరా అతను, "కొంచెం నవ్వండమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళుగా మోపు కింద ఎవరికీ కనపడకుండా నవ్విన మనిషి. ఇప్పుడు మొహం మీద ఏ అడ్డూ లేదు. నవ్వింది. ఆ ఫొటో చాలా బాగా వచ్చిందని తర్వాత అందరూ అన్నారు.

కార్లు వెళ్ళిపోయాయి. బావ తాడందుకుని, "మరదలా..." అని ఏదో అనబోయాడు.

"పో బావా. కూనలకు ఎండ తగులుతుంది" అంది ఆమె.

సారు వెనకాలే ఉండిపోయాడు. కుర్చీలు ఎత్తించాక వచ్చి, "ఇంక మీ ఇష్టమమ్మా. ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి. నేను మనిషిని పంపి పైన కోయిస్తాను" అన్నాడు. ఆయన మాట తప్పేవాడు కాదు. ఆ సాయంత్రమే ఒకతన్ని పంపాడు. అతను చెట్టెక్కి టకటకా నరుకుతుంటే కొమ్మలు దబదబా పడ్డాయి. ఆమె అలవాటు చొప్పున ఆకు ఆకులా, పుల్ల పుల్లలా విడదీసింది. పుల్లలు గట్టు మీద పేర్చింది. లేతాకు ఉన్న రెమ్మలన్నీ ఏరి, మోపు కట్టి, తలకెత్తుకుంది.

వీధి మలుపు తిరిగితే అరుగు మీద ఒకామె నోరు జారి "పొద..." అని మొదలుపెట్టి, గుర్తొచ్చి, మింగేసింది.

కొమ్మలక్క ఇంటి ముందుకొచ్చింది. మేకల్ని కట్టే గుంజ దగ్గర ఆగింది. లోపల్నుంచి ముసలమ్మకు ఆకుల గలగల వినపడింది.

"వచ్చావా? మేకలకేసి రా, టీ పెడుదువు గాని" అంది అలవాటుగా.

మొగుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, "దించనా?" అన్నాడు.

"ఎక్కడ?" అంది ఆమె.

అతను గుంజ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. మోపులోంచి లేత రెమ్మలు ఆమె కళ్ళ మీదికి వాలి, చిన్నగా ఊగుతున్నాయి.